కాఫీకి ముందు వాసన

తార్నాక చౌరస్తా వెనక వీధిలో, ఓ మేడమీద గదిలో సబ్బులు చేసే పెద్దాయన ఉన్నారు. ఉస్మానియాలో కెమిస్ట్రీ చదివి, ఉద్యోగం చేసి, రిటైరయ్యాక మొదలుపెట్టిన పని ఇది. నిమ్మగడ్డి నూనె కొనే ముందు ఆయన శాంపిల్ పరీక్షించే తీరు చూడ్డానికే నేను రెండుసార్లు వెళ్లాను.

సీసా మూత తీసి ముక్కుకి ఆనించుకోరు. మనం చేసే మొదటి పని అదే. గుప్పున కొట్టిన ఆవిరికి ముక్కు మొద్దుబారిపోతుంది. సన్నటి కాగితం పట్టీలు రెండు తీస్తారు. ఒకటి కొత్త శాంపిల్‌లో, రెండోది నిరుడు కొని ఫ్రిజ్‌లో దాచిన మంచి నూనెలో, ఒకే లోతు ముంచుతారు. వెనక పెన్సిల్‌తో టైము రాస్తారు. వెంటనే ఒకసారి, పావుగంటకి ఇంకోసారి చూస్తారు. మూడోసారి మర్నాడు పొద్దున, ఆర్ట్స్ కాలేజీ దాకా నడిచొచ్చాక, కాఫీ తాగకముందు.

మొదటి వాసనకి ఎవరైనా పడిపోతారు. ఆయన వెతికేది దాని కింద ఉండే మాడు వాసన. బట్టీలో నీళ్లు తగ్గి గడ్డి అడుగంటితే అది నూనెలోకి దిగుతుంది, ఎన్నాళ్లు నిలవ ఉంచినా పూర్తిగా పోదు. మర్నాటికి పట్టీ మీద జిడ్డు మరక మిగిలితే వంటనూనెలాంటిదేదో కలిసిందన్నమాట. గంధం, వట్టివేరు నూనెలకి మాత్రం ఈ లెక్క పనికిరాదు, అవి నెమ్మదిగా ఆరే రకం.

తర్వాత పరీక్షనాళిక. ఒక వంతు నూనెకి మూడు వంతుల 70 శాతం ఆల్కహాల్ పోసి వెలుతురుకెత్తి పట్టుకుంటారు. తేటగా ఉంటే సరే. మసకేస్తే కల్తీ అని కేకలెయ్యరు. నూనె పాతబడినా మసకేస్తుంది మరి. రిఫ్రాక్టోమీటర్‌లో వక్రీభవన గుణకం 20 డిగ్రీల దగ్గర 1.483కీ 1.489కీ మధ్య రావాలి. మే నెలలో ఆ మేడమీద 20 డిగ్రీలెక్కడివి! అందుకే అంకె పక్కన ఎప్పుడూ గది వేడి కూడా రాస్తారు, డిగ్రీకి సుమారు 0.0004 చొప్పున సవరిస్తారు. నాకు బాగా నచ్చింది ఈ చిన్న అలవాటే.

ఇన్నీ నెగ్గి కూడా మోసం చేసే సరుకుంది. నిమ్మగడ్డికి ఆ వాసననిచ్చేది సిట్రాల్; నాసి నూనెలో ఫ్యాక్టరీ సిట్రాల్ కలిపి, వ్యాపారులు అడిగే 75 శాతం చూపిస్తారు. దాన్ని పట్టాలంటే గ్యాస్ క్రోమటోగ్రఫీ గ్రాఫ్ కావాలి. అందులో సిట్రాల్ శిఖరాలు కాదు, పక్కనుండే మిర్సిన్, జెరానియోల్ లాంటి చిన్న గీతలు చూడాలంటారు. సిట్రాల్ పెరిగి తోడున్నవి పలచబడ్డాయంటే అనుమానించాల్సిందే. 1944లో నిజాం రాజ్యపు ప్రయోగశాలగా పుట్టిన రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ ఆ వీధికి నడక దూరమే. సుగంధ మొక్కల మీద పనిచేసే సీమ్యాప్ కేంద్రం బోడుప్పల్‌లో ఉంది. ఇంత రసాయనశాస్త్రం మధ్య కూర్చుని కూడా ఈయన ముందు ముక్కునే నమ్ముతారు. ముక్కు వద్దన్న నూనెకి గ్రాఫ్ ఖర్చు దండగంటారు.

నేను రెండోసారి వెళ్లినరోజు అయిదు కిలోల క్యాను వచ్చింది. శాంపిల్ ఒకటి, సరుకు ఒకటి అయిన అనుభవం ఆయనకుంది. పొడవాటి గాజు గొట్టం పైకొనని బొటనవేలితో మూసి అడుగుదాకా దింపారు, వేలు తీసి మళ్లీ మూసి, పైకి లాగారు. నూనె నీళ్లకన్నా తేలిక. గొట్టం కొసన, లేత పసుపు కింద, రంగులేని నీళ్లు వేలెడు నిలిచాయి. క్యాను తెచ్చిన కుర్రాడికి ఆ గొట్టం చూపించి, "దీన్ని కూడా తూకంలో వేశారా నాయనా?" అన్నారు.