కట్టకు కొత్త తూము

చెరువు కట్టకు కొత్త తూము పెట్టడం ఆషామాషీ పని కాదని అనంతపురం జిల్లా బుక్కరాయసముద్రం ఆయకట్టు రైతు ఎవరైనా చెబుతాడు. ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్‌కు కొత్త సిస్టమ్ కాల్ చేర్చడమూ అంతే. డిస్కు, మెమరీ, నెట్‌వర్కు అన్నీ కెర్నెల్ చేతిలోనే ఉంటాయి. ఏ ప్రోగ్రామైనా వాటిని సిస్టమ్ కాల్ ద్వారానే అడగాలి. యూనిక్స్ నాటి ఈ విద్యను అందరి ముందూ పరిచిన పుణ్యం మాత్రం 1991లో పుట్టిన లైనక్స్‌దే.

పైకి చిన్న పనే: పట్టికలో ఒక నంబరు, సి భాషలో ఒక ఫంక్షన్, హెడర్‌లో ఒక ప్రకటన. పనితనమంతా ఆ తర్వాతే. ప్రోగ్రాము ఇచ్చిన అడ్రసును నమ్మి నేరుగా ముట్టుకోకూడదు. రేపటి అవసరాలకు ఫ్లాగ్స్ కోసం, అంటే కాల్ తీరును మార్చే గుర్తుల కోసం, చోటు ఉంచాలి. తెలియని ఫ్లాగ్ వస్తే మొహమాటం లేకుండా తిప్పికొట్టాలి. ఫైలు నంబరుకు నకలు చేసే డూప్2 కాల్‌లో ఆ చోటు లేకపోబట్టే డూప్3 పుట్టింది. ఫైలు తెరిచే ఓపెన్ కాల్ తెలియని ఫ్లాగులను చూసీచూడనట్టు వదిలేసింది కాబట్టే 2020లో ఓపెన్ఎట్2 రావలసి వచ్చింది. ఒకసారి ఇచ్చిన కాల్‌ను వెనక్కి తీసుకోవడం దాదాపు అసాధ్యం. నడుస్తున్న ప్రోగ్రాములను చెడగొట్టరాదన్నది లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ పట్టు, న్యాయమైన పట్టు.

ఘనమైన పని చూడాలంటే ఐబీఎం ఇంజినీరు అమిత్ అరోరా రాసిన ఫాలొకేట్ చూడాలి. ఫైలుకు డిస్కులో ముందే చోటు కేటాయించే ఈ కాల్ 2007లో 2.6.23 కెర్నెల్‌లో చేరింది. ఆర్గ్యుమెంట్లు నాలుగే: ఫైలు నంబరు, మోడ్, ఎక్కడి నుంచి, ఎంత. చివరి రెండూ 64 బిట్లవి కాబట్టి 32 బిట్ల యంత్రంలో ఒక్కోదానికి రెండు రిజిస్టర్లు కావాలి. కొన్ని ప్రాసెసర్లలో ఆ జంట సరిసంఖ్య రిజిస్టర్‌తోనే మొదలవ్వాలి. మోడ్‌ను చివర పెడితే మధ్యలో ఒకటి వృథా అయి ఏడు కావాలి. రెండో స్థానంలో పెడితే ఆరుతో సరిపోతుంది. ఉన్న హద్దు ఆరే! ఆ వరస కోసం ఎంత చర్చ జరిగిందో! అదే ఐబీఎం నుంచి అనీశ్ కుమార్ 2011లో ఫైల్ హ్యాండిల్ కాల్స్ రెండు తెచ్చి, కెర్నెల్ బయట నడిచే ఫైల్ సర్వర్లకు దారి వేశాడు. ఎంత ముందుచూపు!

చివరికి విండోస్ సైతం 2016లో లైనక్స్ సిస్టమ్ కాల్స్ నేర్చుకుంది. అప్పటికే విండోస్ తయారుచేసే కంపెనీ పగ్గాలు పట్టిన సత్య నాదెళ్ల పూర్వీకుల ఊరు మన జిల్లాలోని బుక్కాపురమే.

ఇంత ఘనమైన విద్యను మన కాలేజీల్లో ఏం చేస్తున్నారో చూస్తే కడుపు మండుతుంది. కెర్నెల్ సందేశాలు రాసే ప్రింట్‌కే ఫంక్షన్‌తో ‘హలో’ అని ఒక లైను రాసి, దానికి కెర్నెల్ ప్రాజెక్టని అట్ట వేస్తారు. ఆ ఒక్క లైనూ రాయకుండా డబ్బిచ్చి తెచ్చుకునేవాళ్లూ ఉన్నారు. అందులో తప్పుడు అడ్రసుకు జవాబు లేదు, ఫ్లాగ్స్ ఊసు లేదు. ఇది విద్యార్థికి చేస్తున్న ద్రోహం.

అనంతపురంలో 1948 నుంచి ఇంజినీరింగ్ చదువు ఉంది. వాన మన చేతిలో లేదు కానీ, ఈ చదువు ఉంది. అయ్యా, అధ్యాపకులారా! పిల్లల చేత ఫాలొకేట్ కోడ్ లైను లైనుగా చదివించండి. వాళ్లు రాసే కాల్‌కు మాన్యువల్ పేజీ, పరీక్షా ప్రోగ్రామూ అడగండి. అవి లేని ప్రాజెక్టుకు ఒక్క మార్కు కూడా వేయకండి.