పాత స్కేట్లు, కొత్త స్వెటర్

రోక్ కారియే రాసిన ‘ద హాకీ స్వెటర్’ కెనడాలో బడికెళ్లిన వాళ్లందరికీ దాదాపుగా తెలిసిన కథ. 1979లో ఫ్రెంచిలో వచ్చింది. షీలా ఫిష్‌మన్ ఇంగ్లీషులోకి తెచ్చింది. 1980లో షెల్డన్ కోహెన్ దాన్ని చిన్న కార్టూన్ సినిమాగా తీశాడు. 2002లో వచ్చిన కెనడా అయిదు డాలర్ల నోటు మీద ఆ కథ మొదటి వాక్యాలు కూడా అచ్చేశారు. నోటు మీదికి ఎక్కిన కథ గురించి కొత్తగా చెప్పడానికి ఇంకేముంటుంది అనుకున్నాను. కానీ మినియాపోలిస్‌లో ఒక సెకండ్ హ్యాండ్ క్రీడా సామాన్ల షాపులో పాత ఐస్ హాకీ స్కేట్లు కాలికి తొడిగి చూసిన రోజు నుంచీ ఆ కథ నాకు వేరేగా కనిపిస్తోంది.

కథ తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా. 1946 చలికాలం, క్వెబెక్‌లో ఒక చిన్న ఊరు. పిల్లలందరూ మోరిస్ రిషార్ భక్తులు. అందరి ఒంటి మీదా మాంట్రియల్ జట్టు స్వెటరే, అందరి వీపు మీదా తొమ్మిదో నంబరే. (మాచర్లలో అభిమాన హీరో సినిమా రిలీజు రోజు గుర్తు తెచ్చుకోండి, సరిపోతుంది.) కథ చెప్పే పిల్లాడి స్వెటర్ పొట్టిదైపోయి చిరుగులు పడుతుంది. వాళ్లమ్మ ఈటన్ కంపెనీ కేటలాగు చూసి కొత్తది తెప్పిస్తుంది. ఆర్డరు ఫారాలు ఇంగ్లీషులో ఉంటాయి, ఆమెకి అర్థం కావు. అందుకని ఈటన్ గారికే నేరుగా ఉత్తరం రాస్తుంది. పార్సిల్లో వచ్చింది శత్రువుల జట్టు స్వెటర్, టొరాంటో మేపుల్ లీఫ్స్‌ది. తిప్పి పంపితే ఈటన్ గారు నొచ్చుకుంటారని ఆమె బెంగ. పిల్లాడు అదే వేసుకుని మంచు మీదికి పోతాడు. ఆడనివ్వరు. కోపంతో కర్ర విరగ్గొడతాడు. కుర్ర ఫాదరు గారు చర్చికి వెళ్లి దేవుణ్ని క్షమాపణ అడగమంటాడు. వీడు వెళ్లి చిమ్మెటల్ని పంపమని అడుగుతాడు. కోట్ల చిమ్మెటలొచ్చి ఆ స్వెటర్ని తినేయాలట.

దీన్ని ఫ్రెంచి-ఇంగ్లీషు గొడవ కథగా చదవడం మామూలు. అది తప్పేం కాదు. ఇంగ్లీషు ఫారం, ఇంగ్లీషు సేటు, ఇంగ్లీషువాళ్ల జట్టు, మధ్యలో ఇరుక్కున్న ఫ్రెంచి పిల్లాడు. కథలో అన్నీ కళ్లెదురుగానే ఉన్నాయి. కానీ ఈ చదువు ఒక ప్రశ్న దగ్గర ఆగదు. అసలు ఆమె కొత్త స్వెటర్ ఎందుకు తెప్పించింది? పిల్లాడు అడగలేదు. వాడికి పాతదే ప్రాణం. చిరిగినా, పొట్టిదైనా అది రిషార్ స్వెటర్. ఆమె చెప్పే కారణం ఒక్కటే: ఆ పాతది వేసుకుని తిరిగితే నలుగురూ మనని పేదవాళ్లనుకుంటారు. ఉత్తరమూ, పార్సిలూ, విరిగిన కర్రా అన్నీ ఆ భయంలోంచే వచ్చాయి. నోటు మీద స్కేటింగ్ రింకు ఉంది, బడి ఉంది, చర్చి ఉంది. ఆ చిరుగు మాత్రం లేదు.

షాపు సంగతికి వస్తాను. ఈ ఊళ్లో చలికాలం పార్కుల్లో నీళ్లు పోసి గడ్డ కట్టిస్తారు, ఎవరైనా పోయి ఊరికే ఆడుకోవచ్చు. స్కేట్లు మాత్రం మనవే ఉండాలి. పై రకం కొత్త జత వెయ్యి డాలర్ల దాకా పలుకుతుంది. పిల్లల పాదాలు ఏడాదికో సైజు పెరుగుతాయి కాబట్టి ఇక్కడ కారున్నవాళ్లూ ఇల్లున్నవాళ్లూ కూడా పాతవే కొని, మళ్లీ అమ్మేస్తారు. వాడిన సామాను అమ్మే ‘ప్లే ఇట్ ఎగైన్ స్పోర్ట్స్’ అనే గొలుసు దుకాణాలు 1983లో ఈ ఊళ్లోనే మొదలయ్యాయి. రెంటచింతల ఎండకి పెరిగినవాడికి మంచు మీద నడకే కొత్త, స్కేట్ల సంగతి చెప్పక్కర్లేదు. అయినా మూడు జతలు పట్టుకుని బెంచీ మీద కూర్చున్నాను.

మొదటి జత తోలూ నైలానూ కలిపి కుట్టిన సీసీఎం టాక్స్. ముప్పై నలభై ఏళ్ల సరుకు. చూపుకి మహా అందం. చీలమండ దగ్గర రెండు వైపులా నొక్కితే చెయ్యి లోపలికి పోయింది, అంటే తోలు చచ్చిపోయిందన్నమాట. నిలబడగానే మడమలు లోపలికి ఒరిగాయి. రెండోది గట్టి ప్లాస్టిక్ డొప్ప లాంటిది, డెబ్బైలూ ఎనభైల నాటి ఫ్యాషను. ఎంత పాతదైనా ఆకారం చెడలేదు. అసలు ఏ పాదం మాటా వినని రకం, నా పాదం మాట మాత్రం ఎందుకు వింటుంది? మూడోది నాలుగైదేళ్ల కిందటి బౌవర్. ఈ కొత్త రకాల్ని ఓవెన్‌లో వేడి చేసి, మెత్తబడ్డాక తొడుక్కుని, పాదం అచ్చు పడేదాకా కూర్చుంటారు. అంటే దాన్లో ఇంతకు ముందువాడి పాదం అచ్చు ఇంకా ఉంది. ఇన్సోల్ బయటికి లాగి చూశాను. అయిదు వేళ్లకీ అయిదు గుంటలు, బొటనవేలిది లోతుగా. నాలుక లోపలి వైపు మార్కరుతో రాసిన నంబరు, పద్నాలుగు.

కొనేముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి. పదును పెట్టిన ప్రతిసారీ బ్లేడు కొంచెం అరుగుతుంది కాబట్టి ఉక్కు ఇంకా ఎంత ఎత్తు మిగిలిందో చూడాలి. రివెట్లు వదులయ్యాయా, వాటి చుట్టూ తుప్పు ఉందా చూడాలి. గ్లవ్స్ అయితే అరచేతి వైపు తిప్పి చూడాలి, కర్ర పట్టీ పట్టీ అక్కడే చిల్లు పడుతుంది. హెల్మెట్ మాత్రం పాతది తీసుకోకూడదు. ఇక్కడి హాకీ హెల్మెట్ల వెనక అంటించే సర్టిఫికెట్ స్టిక్కరుకి తయారైన తేదీ నుంచి ఆరున్నరేళ్లే గడువు. గడువు దాటాక అది ఎంత మెరుస్తున్నా టోపీ కింద లెక్క.

ఆ గుంటల్లో నా వేళ్లు పెట్టడానికి కాసేపు పట్టింది. శుభ్రత గురించి కాదు. మా ముత్తాత తోలు పనివాడు, గురజాల వైపు ఒక పల్లె. చెప్పులు కుట్టాడు, బావి మోటలకి తొండాలు కుట్టాడు. తను కుట్టిన చెప్పులే ఆసాముల వీధిలోకి వచ్చేసరికి చేత్తో పట్టుకుని నడిచేవాడట. మా నాయనమ్మ వాళ్లిళ్లలో పెట్టిన పాత చీరలు కట్టింది. మా నాన్న బడికి వాళ్ల పిల్లల లాగూలు వేసుకుని పోయాడు. క్లాసులో ఆ లాగూని గుర్తుపట్టే కుర్రాడు పక్కనే కూర్చునేవాడు. ఉద్యోగం వచ్చి నరసరావుపేటలో కాపురం పెట్టాక నాన్న ఇంట్లో పెట్టిన మొదటి రూలు, ఎవరి పాత బట్టా గడప దాటి లోపలికి రాకూడదని. పాత బట్టలకి స్టీలు సామాన్లిచ్చే ఆవిడ వీధిలోకి వస్తే అమ్మ ఇచ్చేదే కానీ ఎప్పుడూ పుచ్చుకోలేదు. ఇవ్వగలిగే వైపుకి చేరుకోవడమే మా ఇంట్లో అభివృద్ధి అంటే. అందుకే కారియే కథలో అమ్మ నాకు పరాయిదిగా కనిపించదు. నలుగురూ ఏమనుకుంటారో అనే ఆ భయం పైపై డాబు కాదు. దాని వెనక ఎవరో ఎప్పుడో పక్క బెంచీలోంచి లాగూని గుర్తుపట్టి ఉంటారు.

ఫోన్లో నాన్నకి స్కేట్లు కొన్నానని చెప్పాను. ధర అడిగాడు. చెప్పాను. ఇంత తక్కువేంటని అడిగాడు. వాడినవని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు.

“ఎవరివిరా అవి?”

“తెలియదు నాన్నా. ఇక్కడ ఎవరివో ఎవరూ అడగరు.”

“అడగరా?” అన్నాడు. తర్వాత వర్షాల సంగతి ఎత్తాడు.

హైదరాబాదులో నా ఈడువాళ్లూ, నాకంటే చిన్నవాళ్లూ ఇప్పుడు థ్రిఫ్టింగ్ అంటున్నారు. ఇన్‌స్టాలో పాత డెనిమ్ జాకెట్లు నిమిషాల్లో అమ్ముడుపోతున్నాయి. వద్దనను, ఆ జాకెట్లు బాగుంటాయి కూడా. కానీ ‘వింటేజ్’ అనే మాట చేసే పనేంటో గమనించాలి. పాత వస్తువులోంచి ముందు తొడుక్కున్న మనిషిని తీసేసి, ఏడాదిని ఒక్కదాన్నే మిగులుస్తుంది. ఎనభైల స్కేట్లు అంటాం, పద్నాలుగో నంబరు పిల్లాడి స్కేట్లు అనం. ఆబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాలు కొనేటప్పుడు ఎవరి పేరో రాసున్న మొదటి పేజీ మనకి ముచ్చటగా ఉంటుంది, ఎందుకంటే పుస్తకం ఒంటికి తగలదు. ఒంటికి తగిలేదాని దగ్గరికొచ్చేసరికి ఆ పేరు చెరిపేస్తేనే కొంటాం. చెరిపేయడం అందరికీ ఒకేలా కుదరదు. ఎవరూ గుర్తుపట్టని ఊళ్లో, ఎవరూ గుర్తుపట్టని ఇంటిపేరుతో ఉన్నవాడికి పాత జాకెట్ ఒక స్టైలు. మా నాన్నకి అది స్టైలు అయ్యే అవకాశం ఆ క్లాసు గదిలోనే పోయింది.

టాక్స్ అనే పేరు సంగతే చూడండి. జార్జ్ టాకబెరీ మానిటోబాలో బ్రాండన్ అనే ఊళ్లో బూట్లు కుట్టేవాడు. పక్కింటి హాకీ ఆటగాడు జో హాల్ తన బూట్లు ఊరికే పాడైపోతున్నాయని మొత్తుకుంటే, కంగారూ తోలుతో చీలమండకి ఆసరా ఉండేలా కొత్త బూటు కుట్టి ఇచ్చాడు. ఆ బూటుకి పేరొచ్చింది. 1937లో సీసీఎం ఆ పేరు హక్కులు కొనుక్కుంది. తోలు పనివాడి పేరు, సగం విరిగి అయినా సరే, ఇన్నేళ్లుగా స్కేట్ల మీద నడుస్తోంది. మా ముత్తాత కుట్టిన మోట తొండాల మీద పల్నాటి మెట్ట పొలాలు తడిశాయి. ఆయన పేరు మా ఇంట్లోనే ఇద్దరికి తెలుసు.

మన దేశంలో ఐస్ హాకీ బతికిందే పాత సామాను మీద. లదాఖ్‌లో తొలి రోజుల్లో సైనికుల బూట్ల అడుగున ఇనుప బ్లేడ్లు బిగించుకుని గడ్డకట్టిన చెరువుల మీద ఆడారు. తర్వాత బయటి దేశాలనుంచి వచ్చిన వాడిన స్కేట్లతో ఆడారు. అక్కడి అమ్మాయిలే ఎక్కువగా ఉన్న భారత మహిళల జట్టు 2017లో బ్యాంకాక్‌లో ఫిలిప్పీన్స్ మీద తొలి మ్యాచ్ గెలిచింది, 2025లో ఆసియా కప్‌లో కాంస్యం తెచ్చింది. పేపర్లలో వాళ్ల గురించి ఏది చదివినా మొదటి పేరాలో ఆ పాత స్కేట్లుంటాయి, జాలి కోసం. ఆ స్కేట్లతో వాళ్లు ఎలా మలుపు తిరిగారో, సరిపోని బూటుకి ఆట ఎలా మార్చుకున్నారో రాసిన వ్యాసం నా కంట పడలేదు. సరిపోని స్కేట్లలో నాలుగు రోజులు పడిలేచినవాడిగా నాకు చదవాలని ఉన్నది అదీ.

‘ఎవరివిరా అవి’ అనే ప్రశ్నని భక్తితో అడిగే చోటు ఒకటి పల్నాడులోనే ఉంది. కారెంపూడిలో ఏటా కార్తీక అమావాస్యకి వీరుల తిరునాళ్ల మొదలవుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు, ఇలా అయిదు రోజులు. పల్నాటి వీరుల కొణతాలని వంశాలవాళ్లు ఊళ్లనుంచి తెచ్చి నాగులేట్లో కడిగి ఊరేగిస్తారు. అక్కడ ఆయుధం ఎంత పాతదైతే అంత గొప్ప. ఎవరిదో చెప్పకపోతే దానికి విలువే లేదు. బ్రహ్మనాయుడు అన్ని కులాలనీ ఒక చాప మీద కూర్చోబెట్టిన కథ అదే, మాల కన్నమదాసుని కొడుకులా చూసుకున్న కథ అదే. చాపకూడు ఇప్పటికీ తింటారు. చిన్నప్పుడు నాన్నతో ఒకసారి వెళ్లాను. తిరిగొచ్చే బస్సులో నేను అడిగిన ప్రశ్న ఒకటి గుర్తుంది: వాళ్లు తొడుక్కున్న చెప్పులు ఏమయ్యాయని. కత్తులుంచారు, చెప్పులెవరూ ఉంచలేదు.

కారియే కథ మీద నా ఫిర్యాదు కూడా అదే జాతిది. ఆ పాత స్వెటర్ ఏమైంది? కొత్తది పార్సిల్లోంచి బయటికి రాగానే పాతది కథలోంచి మాయమైపోతుంది. రచయిత అమ్మని చూసి నవ్వుకున్నాడు, ఆమె భయానికి ఒక్క వాక్యం ఇచ్చి ముందుకెళ్లిపోయాడు. ఆమె దాన్ని పారేసిందా, గుడ్డపేలికలు చేసిందా, ఊరి చివర ఇంకో ఇంటికి ఇచ్చిందా? ఇచ్చి ఉంటే ఆ ఇంటి పిల్లాడు రిషార్ స్వెటర్ వేసుకుని రింకు గట్టున నిలబడి ఉంటాడు, పొట్టిగా, చిరుగుతో. మన పిల్లాడు కొత్త టొరాంటో స్వెటర్లో నిలబడి ఉంటాడు. ఎవరు ఎవర్ని చూసి ఏడవాలి? కారియే ఆ గట్టు వైపు కెమెరా తిప్పలేదు. కోహెన్ సినిమా కూడా తిప్పలేదు. కానీ చివర్లో చిమ్మెటల ప్రార్థన ఎంత బాగా రాశాడంటే, ఈ ఫిర్యాదు చేస్తూనే ఒప్పుకోవాల్సి వస్తుంది. అమ్మ చిల్లులకి భయపడి కొత్తది కొంటే, కొడుకు మోకాళ్ల మీద కూర్చుని అవే చిల్లులు అడుగుతున్నాడు. ఆ రెండు కోరికల్నీ ఒకే ఉన్ని బట్ట మీద పెట్టడం మామూలు పని కాదు.

కథని తెలుగు చేద్దామని మొన్న కూర్చున్నాను. స్వెటర్ స్వెటరే, రింకు రింకే, అక్కడ కష్టం లేదు. ఇంగ్లీషులో ‘యూజ్డ్’ అంటే వాడినది, అంతే. తెలుగులో ఒంటి బట్టకి ఆ మాట అతకదు. పాతది అనొచ్చు, మాసినది అనొచ్చు. మా నాయనమ్మ అయితే ‘విడిచినయ్యి’ అనేది, ఆసామి ఇంట్లో విడిచిన చీర. ఆ మాటలో బట్టకంటే విడిచిన మనిషి పెద్దగా కనిపిస్తాడు. పిల్లాడి సొంత స్వెటర్ని విడిచినది అనడం కుదరదు కాబట్టి ‘పాతది’ అనే ఉంచాను. అమ్మ భయం దగ్గర మాత్రం ‘పేదవాళ్లు’ అని రాసి కొట్టేశాను, ‘బీదవాళ్లు’ అని రాసి కొట్టేశాను. ఇప్పటికి ‘లేనోళ్లు’ అని ఉంది. నాన్నకి చదివి వినిపించాను, ఆ మాట దగ్గర ఆపమన్నాడు. మళ్లీ చదవమన్నాడు. బాగుందనీ అనలేదు, బాలేదనీ అనలేదు. పత్రిక వాళ్లు పంపమన్న తేదీకి ఇంకా పదిరోజులుంది.