పొగ కనబడకపోతే

పొగ రంగు చూసి ఇంజిన్ జబ్బు చెప్పడం డీజిల్ మెకానిక్కు మొదట నేర్చుకునే విద్య. నల్లగా కక్కుతోందంటే ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయి ఉంటుంది, లేదా నాజిల్ సరిగా చిమ్మడం లేదు. నీలంగా వస్తే ఇంజిన్ ఆయిల్ తాగేస్తోంది. గరివిడి వైపు మాంగనీసు లారీల కింద పడుకుని నేర్చుకున్న ఈ చూపే నాకు కూడు పెట్టింది. కానీ అది ఇంజిన్ సంగతి చెబుతుంది గానీ, సీటు మీదున్న మనిషి ఊపిరితిత్తుల సంగతి చెప్పదు.

పైన క్వారీలో పొగని గాలి ఎత్తుకుపోతుంది. భూగర్భంలో ఫ్యాను పంపినంతే గాలి. కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం గనిలోలా లోడర్లు, పొట్టి డంపర్లు వాలు సొరంగాల్లోకి దిగి పనిచేసే చోట గాలి చాలకపోతే, ఇంజిన్ వదిలిందే డ్రైవరు పీలుస్తాడు. డీజిల్ పొగ మనుషులకు క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లో తేల్చేసింది. అమెరికాలో ఎనిమిది గనులకు చెందిన 12,315 మంది కార్మికులపై ఇదే పొగ గురించి జరిగిన అధ్యయనం వెలువడిందీ ఆ ఏడాదే.

ఇప్పుడు ఈ పొగకి విరుగుడుగా బయోడీజిల్ మాట వినబడుతోంది. 2030 నాటికి డీజిల్లో 5 శాతం కలపాలన్నది మన 2018 జీవ ఇంధన విధానం. సీతంపేట మన్యంలో గిరిజనులు ఏరే కానుగ, ఇప్ప గింజల నుంచీ ఇది తీయొచ్చు. ఆ ఆదాయం వాళ్లకు దక్కాలని గట్టిగా కోరుకుంటాను. బయోడీజిల్ బరువులో పదో వంతు దాకా ఆక్సిజనే కాబట్టి మసి నిజంగానే తగ్గుతుంది. సైలెన్సరు మూతి తెల్లగుడ్డతో తుడిస్తే తేడా తెలిసిపోతుంది. వంటనూనె కాగిన వాసన వస్తుంది, కళ్లు అంతగా మండవు.

"పొగే నేదు కదా, ఇంకేటి భయం?" అంటాడు మావాడు.

భయం అక్కడే ఉంది. నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గవు, ఒక్కోసారి కాస్త పెరుగుతాయి కూడా. బండి లోడు లేకుండా ఆగి తిరుగుతున్నప్పుడు సగం కాలిన నూనె ఆవిర్లు, కంటికి ఆనని సన్నటి కణాలు ఎక్కువ కావచ్చు. నల్లపొగ కనిపిస్తే కార్మికుడు కనీసం ముక్కుకి తువ్వాలు కట్టుకుంటాడు, మేస్త్రీని నిలదీస్తాడు. ఇక్కడ ఆ హెచ్చరికే ఉండదు. ఫ్యాను గాలి కాస్త తగ్గించినా అడిగే నాథుడుండడు.

అమెరికా లోహ గనుల్లో 2008 నుంచి ఘనపు మీటరు గాలిలో డీజిల్ కణాల కార్బన్ 160 మైక్రోగ్రాములు దాటకూడదు. కొలిచేది చిన్న పంపు. నడుముకి తగిలించి, ఫిల్టరు కాలరుకి పెట్టి షిఫ్టంతా పనిచేసుకోవచ్చు. కొత్త నూనె ట్యాంకులో పోసేముందు మన గనుల్లోనూ ఆ పంపు డ్రైవరుకి కట్టాలి, వచ్చిన అంకెను మస్టరు దగ్గర బోర్డు మీద తెలుగులో అంటించాలి.