దూరాన్వయము దోషమా?

దూరాన్వయము వాక్యదోషమని మన యాలంకారికులు చెప్పుదురు. ఈ విధి కొక యపవాదము నాంగ్లగద్యమునఁ గంటిని. 1963వ సంవత్సరము ఏప్రిలు నెలలో, అలబామా రాష్ట్రమందలి బర్మింగుహాము చెఱసాలనుండి మార్టిన్ లూథర్ కింగు, తన యుద్యమము అకాలికమని ప్రకటించిన యెనమండ్రు శ్వేతజాతి మతాచార్యులకుఁ బ్రత్యుత్తరము వ్రాసెను. అందొక వాక్యము 300 పదములకు మించినది.

'ఎప్పుడు' అను నర్థముగల యుపవాక్యము లొకదానిపై నొకటి వచ్చును, ప్రధానక్రియ రాదు. వినోదవనమున నల్లజాతి పిల్లలకుఁ బ్రవేశము లేదని యాఱేండ్ల కూఁతునకుఁ జెప్పఁబోయి తండ్రి నాలుక తడఁబడును. ప్రయాణమున బస దొరకక కారులోనే రాత్రులు గడుపవలసి వచ్చును. వయస్సెంతైనను బురుషుని 'కుఱ్ఱవాఁడా' యందురు, భార్యకును దల్లికిని గౌరవవాచక మీయరు. (ఏకవచనసంబోధనపు బరువెఱిఁగిన తెలుఁగువారి కీ కడపటిదానికి టీక యక్కఱలేదు.) పాఠకుని యాకాంక్ష తీఱదు. తుదకు వచ్చు ప్రధానవాక్యము, వేచియుండుట యేల దుష్కరమో యిపుడు బోధపడునని మాత్రమే చెప్పును.

వేచియుండుఁడన్నవారినే వాక్యము వేచియుండఁజేసినది! బాణుని గద్యమునఁ గ్రియ దవ్వగుట వర్ణనాసమృద్ధివలన. ఇచట నాలస్యమే వాదము. కావున నిది గుణమే.

అనువాదకుల కొక చిక్కు గలదు. ఆంగ్లమునఁ బ్రధానక్రియ ముందు వచ్చుట పరిపాటి గనుక నీ జాగు చెవికిఁ దగులును. మన భాషలోఁ గ్రియ సహజముగనే తుదనుండును. పైపెచ్చు వాక్యమును ముక్కలు చేసినచో జాగంతయుఁ బోవును. తెలిఁగింపఁబూనువారు దీనిని గులకమువలె నేకాన్వయముగా నుంచుట మేలు. పఠితకు శ్వాస చాలకున్నఁ జాలకపోనిండు.