బాచ్ బృందము – మెటల్‌కోర్ లయశిల్పము

అమెరికా సంయుక్త రాష్ట్రముల వాయవ్య భాగమున, సియాటిల్ నగరమునకు దక్షిణమున నున్న టకోమా అను రేవుపట్టణములో 1993లో నెలకొన్న ‘బాచ్’ అను వాద్యబృందము, తొమ్మిదేండ్ల పాటు వాయించి, 2002 జూన్ 15న సియాటిల్‌లోని షోబాక్స్ శాలలో కడపటి కచేరీ చేసి విడిపోయినది. ఇరువది యేండ్లు గడచిన పిమ్మట, 2022 ఆగస్టులో, గిటారు వాయించు డేవ్ నడ్సన్, బేస్ వాయించు బ్రయన్ కుక్, డ్రమ్ములు వాయించు టిమ్ లటోనా, గాయకుడు డేవ్ వెరెల్లెన్, ఆ నలుగురే మరల కూడి ‘వన్ ట్వెంటీ టూ’ అను నూతన గీతము నొకదానిని విడుదల చేసిరి. ఇంతటి విరామమునకు ఒక్క పాటయేనా యని పెదవి విరుచువారు ఉండవచ్చును. ఆ ఒక్క పాట విలువ తెలియవలెనన్న, వారు అనుసరించిన మెటల్‌కోర్ అనబడు సంగీతమార్గము ఏ సాధనములతో, ఏ నియమములకు లోబడి నడచునో ముందుగా విచారింపవలయును.

ఇది రెండు ధారల సంగమము. 1980 ప్రాంతముల అమెరికా నగరములలో ప్రబలిన హార్డ్‌కోర్ పంక్ నుండి వేగము, సంక్షిప్తత, అలంకారములయెడ విముఖత దీనికి సంక్రమించినవి. హెవీ మెటల్ నుండి మంద్రస్థాయి గాంభీర్యము, వ్రేళ్ల నైపుణ్యము లభించినవి. 1990 దశకమున క్లీవ్‌లాండ్‌లో ఇంటెగ్రిటీ, సిరక్యూజ్‌లో ఎర్త్ క్రైసిస్, మాసచూసెట్స్ రాష్ట్రమున కన్వర్జ్ మున్నగు బృందములు ఈ రెంటిని తమ తమ పాళ్లలో మేళవించి దీనికొక రూపము కల్పించినవి.

ఈ మార్గమున గిటారును శ్రుతిచేయు పద్ధతియే వేరు. ఆరు తీగలలో మిక్కిలి మందమైనదానిని సామాన్యశ్రుతికి ఒక పూర్ణస్వరము దించి కట్టుదురు. పెక్కుమంది తక్కిన తీగలను సైతము మరికొంత దించుదురు. ఇట్లు చేసినచో మంద్రమున నున్న మూడు తీగలపై ఒక్క వ్రేలిని అడ్డముగా నొక్కినంతనే షడ్జపంచమములు కలిసి పలుకును. ఆ వ్రేలిని మెట్టునుండి మెట్టునకు జరపుచు ఎంతటి వేగముతోనైనను వరుసలు కూర్పవచ్చును. అయితే నాదమును గరుకుపరచు డిస్టార్షన్‌ను హెచ్చించిన గిటారు ఊరకుండదు. ముట్టకున్నను ఘూర్ణిల్లుచునే యుండును. కావున వాదకుడు కుడి అరచేతి అంచును బ్రిడ్జి చెంత తీగలపై ఆనించి నాదమును కుదించుచు, ఎడమచేతి వ్రేళ్లను తేలికగా వ్రాల్చి దానిని పూర్తిగా అణచుచు వాయింపవలెను. మ్రోగించుట నేర్చుటకు పట్టు కాలముకంటె ఆపుట నేర్చుటకు పట్టు కాలమే యెక్కువ.

ఆ ఆపుటలోని శక్తి యంతయు ‘బ్రేక్‌డౌన్’ అను ఘట్టమున వ్యక్తమగును. అంతవరకు పరుగులెత్తుచున్న పాట, రెండవ కాలమున పాడుచున్న వరుసను తాళము మార్చకయే మొదటి కాలమునకు దించినట్లు, ఒక్కసారిగా బరువెక్కును. తాళగతి అదియే, దెబ్బల నడిమి ఎడము మాత్రము రెట్టింపగును. గిటారు కుదింపు దెబ్బలును, పెద్ద డ్రమ్ము దెబ్బలును ఒకే క్షణమున పడవలయును. వాని నడుమ వచ్చు విరామములు సమానములు కావు, శ్రోత యెదురుచూచు చోట దెబ్బ పడదు, చూడని చోట పడును. నలుగురిలో నొకడు రవంత ముందైనను వెనుకైనను ఘట్టమంతయు చితికిపోవును.

ఇక ఈ మార్గమున గాయకుని వంతు అరుపు. అరచుటకు మాత్రము శిక్షణ యెందుకని శంకింపవచ్చును. నిజమైన స్వరతంత్రులతోనే రాత్రికి గంటసేపు అరచినవాని గొంతు ఎంతోకాలము నిలువదు. అందుచేత అభిజ్ఞులైన గాయకులు ఆ తంత్రులకు పైన నున్న మడతలను కంపింపజేయుచు, ఉదరము నుండి శ్వాసను అదుపులో నుంచి పలుకుదురు. న్యూయార్కులోని మెలిస్సా క్రాస్ అను ఆచార్యురాలు ఈ విద్యనే బోధించి, ‘ది జెన్ ఆఫ్ స్క్రీమింగ్’ అను పేర పాఠములను వీడియోగా వెలువరించినది.

బాచ్ బృందము 1999లో హైడ్రా హెడ్ సంస్థ ద్వారా ప్రకటించిన ‘వీ ఆర్ ది రోమన్స్’ సంపుటమున ఈ సాధనము లన్నియు గలవు గాని, ఏదియు నిర్ణీతస్థానమున నుండదు. నడ్సన్ కుడిచేతి వ్రేళ్లతో సైతము మెట్లపై తట్టి వివాదిస్వరముల వరుసలు పలికించును. లటోనా విషమసంఖ్యల తాళములను సహజమైన నడకవలె నడిపించును. తరువాతి దశాబ్దమున ఎందరో అనుకర్తలు బ్రేక్‌డౌన్‌ను కరతాళధ్వనులకై ప్రతి పాటయందును అతికించి దానిని అరగదీసిరి. బాచ్ దానిని కథకు మలుపువలె, అవసరమైనచోట మాత్రమే వాడుకొన్నది.

విడిపోయిన పిదప నడ్సన్ మైనస్ ది బేర్ బృందమున మృదువైన బాణీలు వాయించెను. కుక్ తరువాత రష్యన్ సర్కిల్స్‌లో చేరెను. వెరెల్లెన్ అగ్నిమాపకోద్యోగి యయ్యెను. కోవిడ్ కాలమున నడ్సన్ తన స్వతంత్ర రచనలు కూర్చుకొనుచు, ఒకదానికి గొంతు నిమ్మని వెరెల్లెన్‌ను కోరగా, ఆ రచనలోనికి తక్కిన యిరువురును వచ్చి చేరిరి. పాత కీర్తిని సొమ్ముచేసికొను సంకల్పముగాక, మిత్రుల పరస్పరాహ్వానమే ఈ పాటకు మూలము. ఆనాటి చిక్కుముడులు ఇందు తక్కువ. నడక సూటి, కట్టు బిగువు. యౌవనమున నేర్చిన పొదుపును ప్రౌఢవయస్సున మరింత పొదుపుగా వాడినందుననే దీనిని నేను పునరుక్తి యనక పరిణతి యందును. పిదప 2023లో షోబాక్స్ వేదికపై మరల వాయించిరి గాని, ఆ ఉత్సాహమున క్రొత్త సంపుటమును బలవంతముగా ప్రసవింపజేయలేదు.

ఈ సంగీతము క్రొత్తగా వినదలచిన తెలుగు శ్రోత ధ్వనిని మితముగా నుంచుకొని, మొదటిమారు పెద్ద డ్రమ్మును మాత్రమే అనుసరించి, రెండవమారు దెబ్బల నడిమి విరామములను లెక్కించుకొనుచు వినవలయును. లయజ్ఞానము మనకు క్రొత్తది కాదు. ఆ లెక్క కుదిరినంతనే, కేవలము గోలగా తోచినది నలుగురి ఒడంబడికగా వినబడుట ఆరంభించును. అప్పుడు నచ్చకున్నను, తెలిసియే నచ్చలేదని చెప్పవచ్చును.