ఒక విజయగాథ: వ్రాయని అధ్యాయము

అమెరికను సైకిలు పందెగాడు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్, సాలీ జెంకిన్స్ సాయముతో వ్రాసిన ఆత్మకథ ‘ఇట్స్ నాట్ అబౌట్ ది బైక్’ 2000లో వెలువడినది. 1996 అక్టోబరులో, 25 ఏండ్ల వయసున, ఆయనకు వృషణమున కాన్సరు ఉన్నట్లు తేలినది. అప్పటికే అది ఊపిరితిత్తులకు, మెదడునకు ప్రాకినది. డిసెంబరుతో చికిత్స ముగిసెను. 1999లో టూర్ ద ఫ్రాన్స్ పందెమున ఆయనే మొదటివాడు. (నిషిద్ధమైన మందులు వాడినందున ఆ బిరుదములన్నియు 2012లో రద్దయినవి. కాబట్టి పందెములను గూర్చి ఇందలి మాటలు నమ్మదగినవి కావు. వైద్యపు భాగము సంగతి వేరు.)

ఆ భాగము నిజముగా బాగున్నది. ఈ వ్యాధికి సామాన్యముగా బ్లియోమైసిన్, ఎటోపోసైడ్, సిస్‌ప్లాటిన్ అను మూడు మందులు కలిపి ఇత్తురు. వీనిలో బ్లియోమైసిన్ ఊపిరితిత్తులను చెరుపగలదు. ఊపిరియే పెట్టుబడియైన పందెగానికి అది పెద్ద గండము. అందుచే ఇండియానా విశ్వవిద్యాలయ వైద్యులు దానికి బదులు ఐఫాస్ఫమైడ్ వాడిరి. ప్రాణము నిలుపు మందునకును వెల యుండునని పాఠకునకు ఇక్కడ చక్కగా బోధపడును.

అయితే ఆ వెల లెక్క అంతటితో ఆగినది. సిస్‌ప్లాటిన్‌లోని ప్లాటినము పరమాణువు కణములోని డి.ఎన్.ఎ.ను పట్టి బంధించును. కణము విభజన చెందలేక నశించును. వ్యాపించిన వ్యాధినుండి సైతము నూటికి ఎనుబదిమంది బ్రదుకుట దీని చలువయే. కాని ఈ లోహపు జాడలు ఇరువది ఏండ్ల తరువాత కూడ రక్తములో కనబడినవి. లోపలి చెవిలోని రోమకణములు ఒకసారి చెడిన మరల మొలవవు. వ్రేళ్ళకు తిమ్మిరి, మూత్రపిండములకు నష్టము, గుండెజబ్బు కూడ రావచ్చును.

నార్వేలో 1980–2009 మధ్య ఈ వ్యాధి కనుగొనబడిన 5,707 మంది పురుషుల లెక్క 2021లో ప్రకటితమైనది. అసలు వ్యాధిని మినహాయించి, తక్కిన కారణములవలన, సామాన్య జనములో 100 మరణములు సంభవించుచోట వీరిలో 123 సంభవించినవి. హెచ్చు ముఖ్యముగా క్రొత్తగా పుట్టిన వేరు కాన్సరుల వలన. మందులు గాని కిరణచికిత్స గాని పొందినవారిలోనే ఈ హెచ్చు కలదు. కేవలము శస్త్రచికిత్సతో సరిపోయినవారిలో లేదు. అనగా దోషము చాలవరకు చికిత్సది. మందే లేకున్న ఆ ఏండ్లే దక్కవు గదా యనుట నిజమే. కాని 25 ఏండ్లకు నయమైనవానికి ముందు ఏబది ఏండ్లున్నవి. దానిని అయిదేండ్ల కొలబద్దతో కొలిచిన ఏమి తెలియును?

నాలుగేండ్లకే వచ్చిన పుస్తకము ఇరువదేండ్ల సంగతి చెప్పలేదని తప్పు పట్టుట న్యాయము కాదు. దానిని సంపూర్ణ విజయమునకు సాక్ష్యముగా చూపువారిదే పొరపాటు. విద్యార్థులచే చదివింపవలసినది పందెపు ఘట్టము కాదు, తొలి పుటలు: వాపు కనబడినను, నొప్పి పందెగానికి మామూలేయని ఆర్మ్‌స్ట్రాంగ్ ఊరకుండెను. దగ్గుతో రక్తము పడిన తరువాతనే వైద్యుని చూచెను.