పిల్లలచే జాబులు వ్రాయించుట

గత సంవత్సరము మా సంఘము వారి ఆదివారపు తెలుగు తరగతులలో లేఖారచన పోటీ యొకటి జరిగినది. నిర్ణేతలలో మేమును ఉంటిమి. అవ్వకో తాతకో మిత్రునికో జాబు వ్రాయుట విషయము. నలువదికి పైగా కాగితములు మా చేతికి వచ్చినవి. అన్నిటికిని ఒకటే మొగము. "నేను ఇచ్చట క్షేమము, నీవు అచ్చట క్షేమమని తలంచుచున్నాను" అని మొదలుపెట్టి, విహారయాత్రలో చూచిన జలపాతమును నాలుగు వాక్యములలో వర్ణించి, "మీ తల్లిదండ్రులకు నా నమస్కారములు తెలుపుము" అని ముగించిరి. ఒక బాలుడు సొంత తాతకు వ్రాయుచు ఆ తాతగారి తల్లిదండ్రులకు గూడ నమస్కారములు పంపెను! అతనికి మార్కులు తగ్గలేదు. ఊరు, తేదీ, సంబోధన, సంతకము, చిరునామా అన్నియు వాని వాని చోట ఉన్నవి గదా.

ఆ కట్టలో ఒక్క కాగితము వేరుగా నుండెను. హోసూరు ప్రాంతము నుండి వచ్చి బెంగుళూరులో స్థిరపడిన కుటుంబములోని పదేండ్ల పిల్ల వ్రాసినది. "అవ్వా, ఎట్లుండావు? మోకాలినొప్పి తగ్గిందా? ఎర్రావు ఈనిందా? దూడకు నేను వచ్చినాకనే పేరు పెట్టాల, నువ్వు పెట్టొద్దు." ఈ ధోరణిలో పది పంక్తులు. 'పూజ్యులైన' అను మాట లేదు, తేదీ లేదు. 'ఉండావు' అనుట తప్పని నిర్ణేతలలో ఒకరు ఎఱ్ఱసిరాతో దిద్దిరి. ఆ ఒకరము మేమే. బహుమానము జలపాతమునకు పోయినది.

ఇంటికి వచ్చిన పిమ్మట ఆ దూడ మమ్ము విడువలేదు. నలువది జాబులలో ఒక్కదానికైనను జవాబు కావలెనని మాకు తోచలేదు, దీనికి తోచినది. జాబునకు ఇంతకుమించిన లక్షణము మఱేమి కలదు?

పాఠ్యపుస్తకములలోని లేఖాపాఠము చిప్పను నేర్పుచున్నది గాని గింజను నేర్పుటలేదు. ఆ చిప్పయైనను మనది కాదు. మన పెద్దలు 'మహారాజశ్రీ' యని ఆరంభించి, 'ఉభయకుశలోపరి' యని విషయములోనికి దిగెడివారు. ఆ మాటలు ఆనాడు ఊరక పడినవి కావు. దినముల తరబడి ప్రయాణము చేసి వచ్చిన ఉత్తరమును విప్పువాని గుండె, క్షేమమను మాట కంటబడిన దాక కుదుటపడదు. శుభలేఖ నాలుగు మూలలకును పసుపు. చావు కబురు తెచ్చిన కార్డును చదివి చింపివేయుదురే గాని ఇంట నుంచరు. అట్టి కాలమున మొదటి పంక్తికి పని యుండెను. ఆ పద్ధతిలో చెడుగు లేకపోలేదు: భర్త పోయిన స్త్రీని 'గంగాభాగీరథీ సమానురాలు' అని పైవిలాసము మీదనే చాటెడివారు. అది పోయినందుకు మాకు విచారము లేదు. కాని పోయిన దాని చోట పుస్తకకర్తలు నిలిపినదేమి? ఇంగ్లీషు జాబు నుండి దింపిన 'ప్రియమైన' అను విశేషణము! ఏ తెలుగు పిల్ల అవ్వను 'ప్రియమైన అవ్వగారూ' అని పిలుచును? మన ఇండ్లలో నాయనను 'మీరు' అనువారును కలరు, 'నువ్వు' అనువారును కలరు. అవ్వతో మాత్రము పిల్లలు చాలవఱకు 'నువ్వు' అనియే మాటాడుదురు. అందు అమర్యాద లేదు, చనువు కలదు. పాఠము ఆ చనువునే తప్పుగా దిద్దుచున్నది.

జలపాతము ఎచ్చటినుండి వచ్చినదో ఊహింపగలము. 1928లో ముస్సోరీలో నున్న పదేండ్ల ఇందిరకు అలహాబాదు నుండి నెహ్రూగారు భూమి పుట్టుకను, మానవుల తొలి కథను గూర్చి జాబులు వ్రాసిరి. మరుసటి యేట అవి పుస్తకమైనవి. అవి గొప్ప పాఠములు. కాని తండ్రి కుమార్తెకు చెప్పిన పాఠమును మాదిరిగా నుంచికొని, పిల్లలు అవ్వకు పాఠము చెప్పుట ఆరంభించిరి.

భాష సంగతి యింకను కష్టము. 1914లో మదరాసు విశ్వవిద్యాలయమునకు గురజాడ అప్పారావుగారు సమర్పించిన అసమ్మతి పత్రము, బడిలో ఏ తెలుగున వ్రాయించవలెనను తగవు మీదనే పుట్టినది. గిడుగు రామమూర్తిగారు ఆ పోరు సాగించినది పర్లాకిమిడి నుండి; 1936 నుండి ఆ ఊరు ఒడిశాలో నున్నది. ఇప్పటికిని మేము గ్రాంథికపు పోకడలోనే వ్రాయుచు ఇట్లనుట చదువరులకు నవ్వు తెప్పించవచ్చును. మాకది అలవాటు, పిల్లలకు శిక్ష కారాదు.

సరిహద్దుల కీవల నున్న మనకు ఇది మార్కుల తగవు కాదు. 2006 నాటి చట్టము తమిళనాట పదవ తరగతి వఱకు తమిళమును తప్పనిసరి చేసిన పిమ్మట, బడిలో తెలుగు ప్రథమభాషగా చదువుకొను దారి ఇఱుకైనది. అక్షరములు నేర్చిన కొద్దిమందియు ఫోనులో తెలుగు మాటలను ఇంగ్లీషు లిపిలో కొట్టి పంపుదురు. అవ్వకు ఆ లిపి రాదు. మనుమరాలికి అవ్వ చదువు లిపి వ్రాయుట రాదు. మాటాడుకొనవచ్చును గదా యందురు. నిజమే, మాటాడుకొనుచునే యున్నారు. కాని ఫోను పెట్టివేసిన తరువాత దిండు క్రింద దాచుకొనుట కేమియు మిగులదు.

ఈ యేడు పోటీ వలదని మేము సంఘము వారికి చెప్పితిమి. నోటుపుస్తకపు పుట కాక ఒక్కొక్క పిల్లకు ఒక్కొక్క కార్డు ఇత్తము. 1879లో మన దేశమునకు వచ్చిన ఆ చిన్న కాగితములో జలపాతములకు చోటు చాలదు. ఎవరికి వ్రాసిన వారికి దానిని పంపుదము. తప్పులు దిద్దువారెవరును మధ్య నుండరు.

ఆ పిల్ల కాగితమును మేమే కట్టలో నుండి తీసి, ఆమె నాయనగారిని చిరునామా అడిగి, కవరులో పెట్టి తపాలాలో వేసితిమి. మా ఎఱ్ఱసిరా దాని మీద నుండనే యున్నది. జవాబు పిల్లకు వచ్చినది, మాకు కాదు. అందేమి యున్నదో మేము అడుగలేదు. పెయ్యదూడ యని మాత్రము నాయనగారు చెప్పిరి.